కేకేసి చెప్పలేని మాటలు

సముద్రంలో చేపల వేట నిషేధం మొదలైన నాటికి నా చేతిలో ఉన్నది చెబుతాను. కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవికి, తలుపు దబాలున పడితే ఏదో పడిందని తెలుస్తుంది, ఏ తలుపో తెలియదు. రేవులో చేపలు కొని, ఐసులో పెట్టి భీమవరం, తణుకు పంపే వ్యాపారం ముప్పై ఏళ్ళుగా ఉంది. దానికి అసలు పెట్టుబడి నా మొహం. లోపల ఏం జరుగుతున్నా అది పైకి చెప్పదు. ఇక ఇంట్లో, పన్నెండేళ్ళుగా నాతో కేకలేసి మాట్లాడీ మాట్లాడీ గొంతు బొంగురుపోయిన నా భార్య వీరవేణి.

మాది మొగల్తూరు దాటాక సముద్రం వైపు ఉన్న ఊరు. నా చెవుడు వల్ల రేవులో పెద్ద నష్టమేమీ రాలేదు. చేప మంచిదో కాదో దాని కన్ను, మొప్ప చెబుతాయి. అక్కడ వినాల్సిన పని లేదు. వేలం పాట చెప్పే సామ్యేలు అందరికీ నోటితో చెబుతూ, నా కోసం ధర వేళ్ళతో చూపించేవాడు. నేను కుడి కన్ను ఒక్కసారి మూసి తెరిస్తే ఒక మెట్టు పెంచినట్టు. మా రేవులో పెద్ద కొనుగోలుదార్లు ఎవరూ పాటలో నోరు తెరవరు. ఒకరు గడ్డం గోక్కుంటారు, ఒకరు చెప్పు విదుల్చుతారు. ఎవరి గుర్తు ఏదో సామ్యేలుకే తెలుసు. ఒకసారి గుర్తు ఇచ్చాక పొరపాటైందనడం ఉండదు. అంటే మర్నాటి నుంచి సామ్యేలు వాళ్ళ వంక చూడడు.

నష్టమంతా ఇంట్లో వచ్చింది. వీరవేణి నాకు వినపడేలా చెప్పే మాట వీధి చివరిదాకా వినపడేది. అందుకని వీధికి తెలిసినా ఫరవాలేని మాటలే నాదాకా వచ్చేవి. గ్యాసు బండ వచ్చిందని, మేనత్త పోయిందని, పాలు విరిగిపోయాయని. మిగతావి ముందు మామూలుగా చెప్పేది. నేను "ఏంటి?" అనేవాణ్ణి. రెండోసారి కాస్త గట్టిగా చెప్పేది. మళ్ళీ "ఏంటి?" అంటే "ఏం లేదులే" అనేది. మనుషుల పెదాల మీద నేను అన్నిటికంటే ఎక్కువగా చదివిన మాట అదే.

కిందటి కార్తీకంలో, అంతర్వేదిలో కాపురముంటున్న మా అమ్మాయి అశ్వినికి నాలుగో నెలలో కడుపు పోయింది. వీరవేణి వెళ్ళి వారం రోజులు ఉండి వచ్చింది. ఊరికే చూసి రావడానికి వెళ్ళిందనుకున్నాను. తను వచ్చిన మర్నాడు రేవులో సామ్యేలు నా భుజం మీద చెయ్యి వేసి, పెదాలు విడమరిచి, అమ్మాయికి ఇప్పుడెలా ఉందండి అన్నాడు. బాగానే ఉందన్నాను. మొహం కదల్లేదు. ఇంటికొచ్చి అడిగితే వీరవేణి వీధిలోకి ఒకసారి చూసి, నా ఎదురుగా వచ్చి నిలబడి, నిదానంగా అంది.

"అది కేకేసి చెప్పే మాటా మావా?"

ఆ తర్వాత అశ్విని మా ఇంటికి రావడం తగ్గించింది. వచ్చినా వంటింట్లో వాళ్ళమ్మ దగ్గర కూర్చుని వెళ్ళిపోయేది. చెవిటివాడితో ఏం మాట్లాడుతుందిలే అనుకున్నాను.

బోటులో ఉన్న వాటా అమ్మి, వేట లేని ఏప్రిల్ నెలలో రాజమండ్రిలో చెవికి ఆపరేషన్ చేయించుకున్నాను. ఊళ్ళో ఫోన్ కోసమని చెప్పాను. ధరలన్నీ ఇప్పుడు ఫోన్లోనే తెలుస్తాయి కాబట్టి ఎవరూ మారు మాట్లాడలేదు. నిజానికి నాకు కావలసింది ఒక్కటే. కేకేసి చెప్పలేని మాటలు నాదాకా రావాలి.

ఏ చెవికి చేద్దామని డాక్టరు గారు అడిగితే కుడివైపు అన్నాను. కుడి కన్నుతో నాకున్న పని అప్పుడు గుర్తు రాలేదు.

మే నెలాఖరుకి కుట్లు మానాయి. చెవి వెనక అయస్కాంతంతో అతుక్కునే మిషను పెట్టి, ప్రసన్నకుమారి గారు దాన్ని కంప్యూటరుకి కలిపారు. మిషన్ని మనిషికి సరిపడా దిద్దే పని ఆవిడది. చెవి లోపలికి పంపిన తీగ మీద ఇరవై రెండు చుక్కలు ఉంటాయని, ఒక్కో చుక్క ఒక్కో రకం ధ్వనిని నరానికి అందిస్తుందని కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. మొదట్లో అంతా రొదలా ఉంటుందని, తొందరపడొద్దని రాసి ఇచ్చారు. మీట నొక్కారు. రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు ఏదో గలగలమంది. అది వీరవేణి. వెనక గుమ్మం దగ్గర నుంచి అంటోంది.

"మావా, చెప్పులు గుమ్మంలోనే వదిలేశావు."

పన్నెండేళ్ళ తర్వాత నేను పెదాలు చూడకుండా అందుకున్న మొదటి మాట అదే.

పది రోజుల్లో గులకరాళ్ళు మాటలయ్యాయి. కాకి కాకిలా, మోటారు మోటారులా వినపడసాగాయి. జూన్ మొదట్లో రెండోసారి వెళ్ళినప్పుడు ప్రసన్నకుమారి గారు ధ్వని పెంచుతూ పోయారు. ఒక చోట నా కుడి చెంపని ఎవరో దారం కట్టి లాగినట్టయింది. కన్ను దానంతటదే మూసుకుంది. ఆవిడ తెర వైపు చూస్తూ, మొహంలో ఎక్కడైనా అదురుతోందా అండి అని అడిగారు. లేదన్నాను. చెంపకి అరచెయ్యి ఆనించుకుని కూర్చున్నాను. ఉందంటే చుక్కలు కొన్ని ఆపేస్తారని, అలాంటివాళ్ళు ఉంటారని, బయట వరుసలో కూర్చున్న ఒకాయన చెప్పాడు. నేను ఇరవై రెండు కొన్నాను. ఇరవై రెండూ నాకు కావాలి. కొన్న సరుకులో తరుగు ఒప్పుకున్న అలవాటు నాకు లేదు. ఆ రోజు నేను చేసింది అదే, నా వ్యాపారం నాకు నేర్పిన తప్పు.

జూన్ పదిహేనున వేట మళ్ళీ మొదలైంది. తొలి బోట్లు తీరానికొచ్చాయి. ఐసు ఆడించే మిషను అరుస్తోంది, ఇంజన్లు, ఆడవాళ్ళ కేకలు, కాకులు. ఇవన్నీ ఇక్కడ ఇంతకాలం నుంచీ ఉన్నాయా అనిపించింది. సామ్యేలు ఒక కుప్ప దగ్గర నిలబడి వేళ్ళు ఎత్తాడు. ఎండలో పడి పొట్టలు మెత్తబడ్డ కవళ్ళు, చవక రకం చేపలు. నేను వాటి వంక రెండోసారి చూడలేదు. అదే సమయానికి ఐసు మిషనులో పెద్ద దిమ్మ పడింది. కన్ను మూసుకుంది. సామ్యేలు ఒక వేలు పెంచాడు. వెనక ఇంజను దగ్గింది. మళ్ళీ మూసుకుంది. మూడోసారికి ఆయన చెయ్యి దించేసి పాట కొట్టేశాడు.

"బుల్లబ్బాయి గారివండి" అన్నాడు నన్ను చూపిస్తూ.

తర్వాత పక్కకి వచ్చి, మీరెప్పుడూ కవళ్ళ జోలికి రారు కదండి, ఏదో లెక్క ఉంటుందనుకున్నాను అన్నాడు. ఉందన్నాను. కవళ్ళన్నీ ఇసకలో ఎండబెట్టించి కోళ్ళ మేతకి ఇచ్చేశాను.

రేవులో ఏదీ దాగదు. మూడో రోజుకి అందరికీ నా గుర్తూ తెలిసిపోయింది, నా జబ్బూ తెలిసిపోయింది. నాకు పోటీగా కొనే వీరబాబు, వరసకి అన్న కొడుకు, నేను కుప్ప దగ్గరికి వెళ్ళగానే మోటారు సైకిలు స్టార్టు చేసి ఎక్సలేటరు తిప్పేవాడు. కన్ను మూసుకునేది. జనం నవ్వేవాళ్ళు.

"ఎవరికి కొడుతున్నావు బాబాయ్ కన్ను? పిన్ని చూస్తే ఊరుకోదు."

ఒక్క అక్షరం పోకుండా వినపడింది. ఇది వినడానికేనా చెవిలో తీగ పెట్టించుకున్నాను అనుకున్నాను. ఆ రోజే సామ్యేలుతో మాట్లాడి గుర్తు మార్చేశాను. ఎడమ భుజం మీద తువ్వాలు కుడి భుజానికి మారిస్తే ఒక మెట్టు. వీరబాబు ఇంకో రెండు రోజులు పెట్రోలు తగలేసి మానుకున్నాడు. రేవులో వచ్చిన ఇబ్బంది ఒక తువ్వాలుతో తీరిపోయింది.

ఇంట్లోది తువ్వాలుతో తీరేది కాదు.

వేట మొదలైన వారంలోనే ఒక సాయంత్రం వీరవేణి వంటింట్లోంచి, పన్నెండేళ్ళ అలవాటు కొద్దీ, అన్నానికి రమ్మని కేకేసింది. నేను గుమ్మంలోనే ఉన్నాను. కన్ను, చెంప, మూతి చివర అన్నీ ఒక్కసారి పైకి గుంజుకున్నాయి. తను గరిటె పట్టుకుని అలాగే ఆగిపోయింది.

"నొప్పా?"

"లేదు. ఊరికే లాగుతుంది."

"నిజం చెప్పు మావా."

"లేదంటున్నాగా."

"మీ నాన్న పోయిన రోజున కూడా కదలని మొహం ఇది. ఇప్పుడు కదిలిందంటే నొప్పి కాకపోతే ఏంటి? నీ నోటి మాట నమ్మమంటావా నన్ను?"

ముప్పై ఏళ్ళ కాపురంలో నేను తనకి కూడా పూర్తి ధర ఎప్పుడూ చెప్పలేదు.

ఆ తర్వాత ఇంట్లో మాటలు సన్నబడటం మొదలైంది. నాకు తెలిసింది అంతవరకే. తను కుక్కరు మానేసి గిన్నెలో అన్నం వార్చడం, టీవీ సౌండు తీసేసి బొమ్మలు చూడటం, గడప తలుపుకి పాత చీర ముక్క చుట్టడం, పక్కింటివాళ్ళ దగ్గరికి వెళ్ళి మా ఇంటి ముందు కాస్త చిన్నగా మాట్లాడండమ్మా అని చెప్పి రావడం, ఇవన్నీ తర్వాత తెలిశాయి. అప్పుడు మాత్రం మిషను మందగిస్తోందనుకున్నాను. బ్యాటరీలు మార్చాను. అయస్కాంతం తుడిచాను. వీరవేణి ఎదురుగా కూర్చుని పెదాలు కదుపుతుంటే, మళ్ళీ పాత రోజుల్లాగే ఆ పెదాలు చదవడం మొదలుపెట్టాను.

జూలై మొదటి వారంలో మూడోసారి రాజమండ్రి వెళ్ళాం. నాలుగు గంటల బస్సు ప్రయాణం, వాన. వీరవేణి ఎప్పటిలాగే క్యారేజీ పట్టుకుని బయట బల్ల మీద కూర్చుంది. ఇంట్లో మాటలు అందడం లేదు, పెంచండి అన్నాను. ఈసారి ప్రసన్నకుమారి గారు నా చెయ్యి చెంప మీద నుంచి తీయించి, నా మొహంలోకి చూస్తూనే పెంచారు. మూడో మెట్టులో కన్ను మూసుకుంది.

"ఇది ఎప్పటినుంచండి?"

"ఇప్పుడే అండి."

ఆవిడ నమ్మలేదని తెలుస్తూనే ఉంది. అయినా విసుక్కోలేదు. నా చెవి చుట్టూ ఉన్న ఎముక జబ్బు వల్ల గుల్లబారిందని, లోపల పెట్టిన కరెంటు ఆ గుల్లలోంచి కారి, పక్కనే పోయే మొహం నరానికి తగులుతోందని చెప్పారు. చిల్లుపడ్డ ఐసు పెట్టెలోంచి నీళ్ళు కారి పక్క పెట్టెలోకి పోయినట్టు అని నాకు నేను చెప్పుకున్నాను. తగులుతున్న చుక్కలు ఏవో చూసి ఆపేద్దామన్నారు ఆవిడ. ఆపితే ఏం పోతుందని అడిగాను. మాటల్లో కొంత స్పష్టత పోవచ్చన్నారు. ఎంత అన్నాను.

"ముందే చెప్పలేమండి. ఆపి, కొన్నాళ్ళు విని చూడాలి."

"ఎంత పోతుందో తెలియకుండా ఎలా ఒప్పుకుంటామండి?"

అలా అరగంట బేరం నడిచింది. చివరికి ఒక్క చుక్క ఆపడానికి ఒప్పుకున్నాను. మిగతా వాటిల్లో కరెంటు తగ్గించి, దాన్ని ఎక్కువసేపు పంపేలా మార్చారు. బ్యాటరీ తొందరగా అయిపోతుందన్నారు. ఇంట్లో మాటలు అందడం లేదని నేను పట్టుబట్టడం వల్ల, తగలని చుక్కల్ని కొంచెం పెంచారు. వచ్చేసారి మీ ఆవిడ గారిని లోపలికి తీసుకురండి అన్నారు.

ఆ జూలై నెలంతా ఇదే వరస. మధ్యాహ్నానికి కుడి కన్ను ఎర్రబడి నీళ్ళు కారేవి. పెంచిన చుక్కలు కూడా తగలడం మొదలుపెట్టాయి. రేవు నుంచి వచ్చి మిషను తీసి జేబులో వేసుకుంటే ఒక్కసారిగా అంతా ఆగిపోయేది. ఆ నిశ్శబ్దంలో హాయిగా ఉండేది. ఆ హాయి చూసి నాకు భయమేసింది. దీని నుంచి బయటపడటానికే కదా బోటు వాటా అమ్మింది. ఇంట్లో వీరవేణి ఏదో అనేది. ఏంటి అనేవాణ్ణి. నా కంటి వంక చూసేది. ఏం లేదులే అనేది.

జూలై నెలాఖరున నాలుగోసారి వెళ్ళాం. గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చాయి. ప్రసన్నకుమారి గారు వీరవేణిని లోపలికి పిలిచి, నాకు పెదాలు కనిపించకుండా వెనక కుర్చీలో కూర్చోబెట్టారు. ఇంట్లో ఆయనతో ఎలా మాట్లాడతారో అలాగే ఏదైనా మాట్లాడండమ్మా అన్నారు. నేను ఎదురు చూశాను. ఎంతసేపటికీ ఏమీ రాలేదు. ఎదురుగా ఉన్న ఆవిడ మొహం మాత్రం మారింది.

"మొదలుపెట్టమనండి" అన్నాను.

"ఆవిడ మాట్లాడుతూనే ఉన్నారండి" అన్నారు ప్రసన్నకుమారి గారు. తర్వాత నా వెనక్కి చూసి, "ఇంట్లో ఇలాగే మాట్లాడతారా అమ్మా?" అని అడిగారు.

నేను కుర్చీ తిప్పాను. వీరవేణి ఒళ్ళో క్యారేజీ పెట్టుకుని, దాని పిడి పట్టుకుని కూర్చుంది.

"ఆయనకి నొప్పండి. మాట తగిలినప్పుడల్లా మొహం గుంజేస్తుంది. ఆయన చెప్పరు. నేను చూడలేక చిన్నగా మాట్లాడుతున్నానండి. ఇంటి చుట్టుపక్కల వాళ్ళకి కూడా చెప్పాను."

ప్రసన్నకుమారి గారు పెన్నుకి మూత పెట్టి పక్కన పెట్టారు.

"మీరు చిన్నగా మాట్లాడతారు. అందక ఆయన పెంచమంటారు. నేను పెంచుతాను. మొహం ఇంకా లాగుతుంది. మీరు ఇంకా చిన్నగా మాట్లాడతారు. ముగ్గురం కలిసే చేశామమ్మా ఇది."

నొప్పి కాదని ఆవిడ వీరవేణికి చెప్పారు. వీరవేణి తల ఊపింది కానీ నా వంక చూడలేదు. ఒక్కొక్క మాటా ఒక్కొక్క దెబ్బ అనుకుని, నెలన్నరగా ఇంటి చప్పుళ్ళన్నీ చాపకింద పెట్టి దాచింది ఈ మనిషి. నేను బ్యాటరీలు మార్చుకుంటూ కూర్చున్నాను.

"ఎన్ని ఆపాలండి?" అన్నాను.

"ఇంకో నాలుగు ఆపితే చాలావరకు తగ్గుతుంది. మొత్తం పోదు. మరీ ఇబ్బందైతే మొహానికి ఇంజక్షన్ ఉంది, కానీ అది కొన్ని నెలలే పనిచేస్తుంది."

"ఆపేయండి."

ఆవిడ నా వంక చూశారు. నేను ఇంకేదో అడుగుతానని ఆగినట్టున్నారు. నేనేమీ అడగలేదు.

ఒక్కో చుక్కా చూసి, తగులుతున్న నాలుగూ ఆపి, పెంచినవి దించారు. గొంతులన్నీ మళ్ళీ కొత్తవైపోయాయి. ప్రసన్నకుమారి గారిది తడి గుడ్డ కప్పిన రేడియోలా ఉంది. వారం పది రోజులు అలాగే ఉంటుందన్నారు. వీరవేణితో, మీ గొంతుతో మీరు మాట్లాడండి, ఆయన మొహం చూడటం మాత్రం కొన్నాళ్ళు మానేయండి అన్నారు.

తిరుగు బస్సులో వీరవేణి నా కుడి పక్కన కూర్చుంది. బస్సు రావులపాలెం దాటింది. బస్సు హారన్ కొట్టినప్పుడు నా చెంప ఒకసారి అదిరింది, మునుపటంత కాదు. తను చూసి కిటికీ వైపు తిరిగింది. నేను తన చెయ్యి తీసుకుని నా చెంపకి ఆనించి పెట్టాను. బస్సులో జనం ఉన్నారని లాక్కోబోయింది, వదల్లేదు. ఏదైనా మాట్లాడమన్నాను.

"ఏం మాట్లాడను? అందరూ చూస్తున్నారు" అంది, కాస్త కోపంగా, తన గొంతుతో.

చెంప అదిరింది. తన అరచేతికి తగిలింది. కాసేపు అలాగే ఉంచింది.

"ఇంతేనా? గుప్పిట్లో రొయ్య కదిలినట్టుంది."

"ఇంతే."

చెయ్యి తీయలేదు. సిద్ధాంతం వంతెన ఎక్కాక, ఎర్రనీళ్ళ వైపు చూస్తూ ఏదో అంది. ఎదురుగా వస్తున్న లారీ హారన్లో సగం కొట్టుకుపోయింది.

"ఏంటి?" అన్నాను.

అడిగాక నేనే ఆగిపోయాను, తర్వాత వచ్చే మాట నాకు తెలుసు కాబట్టి. వీరవేణి నా వైపు తిరిగింది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

"నేను అంతర్వేదిలో ఉన్న వారమంతా అశ్విని రోజూ అడిగింది మావా, నాన్నకి చెప్పావా అని. చెప్పాననే అన్నాను. నీకు తెలిసి కూడా రాలేదనుకుంది పిల్ల. ఇప్పటికీ అలాగే అనుకుంటోంది."

వంతెన అయిపోయింది. నా చెంప మీద తన చెయ్యి అలాగే ఉంది.

మర్నాడు పాట మానేసి, నరసాపురంలో పంటు పడవ ఎక్కి గోదావరి దాటి అంతర్వేది వెళ్ళాను. అశ్విని గుమ్మంలో నిలబడింది, లోపలికి రమ్మనలేదు. నాకు చెప్పలేదమ్మా, చెబితే వచ్చేవాణ్ణి అన్నాను. తను తల దించుకుని ఏదో అంది. అందలేదు. ఏంటి తల్లీ అన్నాను. నా కంటి వంక, చెవి వెనక మిషను వంక చూసి, దగ్గరికొచ్చి, చెప్పులు విప్పి లోపలికి రా నాన్నా అంది.

ఆ సీజను లెక్క ఇది. ఇరవై రెండు చుక్కల్లో పదిహేడు మిగిలాయి. ఫోన్లో ఇప్పటికీ ఆడవాళ్ళ గొంతులన్నీ నాకు ఒకేలా ఉంటాయి, ధరలు సామ్యేలు చేతే మళ్ళీ అడిగించుకుంటాను. కుక్కరు కూతకి కన్ను మూసుకుంటుంది. ముప్పై ఏళ్ళు నన్ను బతికించిన మొహం పోయింది, దానిలో ఏముందో ఇప్పుడు వీరబాబు కూడా చదువుతాడు. బోటు వాటా ఎటూ పోయింది. వచ్చింది ఒక్కటే. ఏంటి అని అడిగితే మళ్ళీ చెప్పే మనుషులు, ఇద్దరు.